వార్డులో వైఫై - 3వ పాఠం: మంచం దగ్గర కొలవండి

పోయిన పాఠంలో రోగుల తాలూకు వాళ్లకు ఒక వైఫై, రోగి గుండె, ఊపిరి చూపించే మానిటర్లకు ఇంకొకటి విడగొట్టుకున్నాం. రౌటర్‌తో పాటు వచ్చిన పాస్‌వర్డు మార్చాం. ఆ కొత్త పాస్‌వర్డును ఎవరైనా కాగితం మీద రాసి సిస్టర్ల టేబుల్‌కి అతికించి ఉంటే, ముందు లేచి దాన్ని పీకేసి రండి.

ఇవాళ పనంతా నడకే. సిగ్నల్‌ను డీబీఎంలలో (dBm, సిగ్నల్ బలానికి కొలత) చూపించే ఉచిత యాప్ ఏదైనా ఫోన్‌లో వేసుకోండి. ఫోన్ పైన కనబడే గీతలను నమ్మొద్దు, ఒక్కో కంపెనీ ఒక్కోలా గీస్తుంది. యాప్‌లో వచ్చేది మైనస్ అంకె. దాన్ని అప్పులా చదవండి. మైనస్ 50 అంటే కొద్దిపాటి అప్పు, మైనస్ 80 అంటే పీకలదాకా. మానిటర్ నిలబడే చోట మైనస్ 67 లేదా అంతకన్నా మెరుగ్గా ఉండాలని పెట్టుకుందాం. పది అంకెలు దిగితే అందే శక్తి పదో వంతుకు పడిపోతుంది. అంటే 67కీ 77కీ మధ్య చాలా దూరం ఉంది.

ఫోన్‌ను మానిటర్ ఎత్తులోనే పట్టుకోండి. రౌటర్‌కి వీపు పెట్టి ఒకసారి, ముఖం పెట్టి ఒకసారి చూడండి, అంకె మారుతుంది. మన ఒంట్లో నీళ్లు సిగ్నల్‌ను తాగేస్తాయి. అందుకే విజిటింగ్ టైములో, మంచం చుట్టూ చుట్టాలు మూగినప్పుడు కూడా కొలవాలి.

నేను చేసిన పొరపాటు ఒకటి చెప్తాను. కర్నూలు ఎన్.ఆర్.పేటలో ఒక నర్సింగ్ హోమ్. పొద్దున్నే వెళ్లి మంచం మంచానికీ కొలిచాను. నాలుగో మంచం దగ్గర మైనస్ 61. హాయిగా ఇంటికొచ్చాను. మధ్యాహ్నం నుంచీ ఫోన్లే ఫోన్లు, "సార్, నాలుగో బెడ్ స్క్రీన్ మీద పోతా వస్తా ఉంది" అని. రౌటర్ మార్చాను, వైరు మార్చాను. రెండు రోజులు టెన్షన్. చివరికి తెలిసిందేమిటంటే, రౌటర్‌కీ ఆ మంచానికీ మధ్యలో ఎక్స్‌రే గది ఉంది. నేను కొలిచినప్పుడు దాని తలుపులు బార్లా తెరిచి ఊడుస్తున్నారు. ఫిల్ము తీసేటప్పుడు మూసేస్తారు. ఆ తలుపులో సీసం రేకు ఉంటుంది. మూసి కొలిస్తే మైనస్ 79! రౌటర్‌ను గది ఇవతలికి జరిపితే సరిపోయింది. తలుపులన్నీ మూసి కొలవండి, ఇనుప బీరువాల వెనక కూడా చూడండి.

ఇక చానల్, అంటే వైఫై మాటలు నడిచే దారి. ఆ వీధిలో నిలబడి యాప్ తెరిస్తే ల్యాబులు, స్కానింగ్ సెంటర్లు, మెడికల్ షాపులు, అందరి వైఫై పేర్లూ బారులు తీరతాయి. 2.4 గిగాహెర్ట్జ్ అనే వైఫై బ్యాండ్‌లో ఒకదాని మీద ఒకటి పడకుండా నడిచేవి 1, 6, 11 మూడే. "3 ఖాళీగా ఉంది కదా" అని అందులో దూరకండి. 3లో పెడితే 1తోనూ 6తోనూ గొడవే. ఒకే చానల్‌లో ఉన్న రౌటర్లు ఒకదాని మాట ఒకటి విని వంతు కోసం ఆగుతాయి. పక్క చానల్ వాడి మాట అర్థం కాదు, రొదగా మాత్రమే వినిపిస్తుంది. మానిటర్‌కి 5 గిగాహెర్ట్జ్ వస్తే అటే మార్చండి. పాత మానిటర్లలో చాలావాటికి రాదు. అప్పుడు వీడియోలు చూసే జనాన్ని 5కి పంపి, 2.4ను మానిటర్లకు వదలండి. సిస్టర్ల గదిలో మైక్రోవేవ్ ఓవెన్ ఉంటే అదీ 2.4 దగ్గరే పనిచేస్తుంది, కూర వేడిచేస్తూ ఒకసారి కొలవండి.

చివరి పరీక్ష రోగి లేని మంచం మీదే చేయాలి. మానిటర్ లైను సిస్టర్ల దగ్గరి పెద్ద స్క్రీన్ మీద కనబడుతుండగా రౌటర్ ఆపేయండి. గడియారం చూడండి. కనెక్షన్ పోయిందని స్క్రీన్ ఎన్ని సెకన్లకు చెప్పింది? మంచం దగ్గరి మానిటర్ అలారం తనంతట తాను మోగుతోందా? పాత గీత అలాగే నిలిచిపోయి, అంతా బాగున్నట్టే కనబడితే, ఆ స్క్రీన్‌ను నమ్మి సిస్టర్లు మంచం వదిలి రాకూడదు. కంపెనీ ఇంజనీర్‌ను పిలిపించండి.

మంచం నంబరు, టైము, తలుపు మూసి ఉందా లేదా, అంకె, ఈ నాలుగూ నోట్‌బుక్‌లో రాసుకోండి. వచ్చే పాఠం ఆ నోట్‌బుక్ తెరిచే మొదలుపెడదాం.