హెచ్‌ఎస్‌ఏ, 401కె: ఓపెన్ ఎన్‌రోల్‌మెంట్‌లో సబ్మిట్ నొక్కేముందు

అమెరికాలో అక్టోబరు చివరి నుంచి డిసెంబరు దాకా ఓపెన్ ఎన్‌రోల్‌మెంట్, అంటే ఉద్యోగులు వచ్చే ఏడాది ప్లాన్లు ఎంచుకునే కాలం. ఆఫీసు మెయిల్‌లో రిమైండర్లే రిమైండర్లు. ఇన్సూరెన్స్ ప్లాన్ ఎంచుకోండి, హెచ్‌ఎస్‌ఏలో (వైద్య ఖర్చులకు పన్ను లేకుండా దాచుకునే ఖాతా) ఎంత వేస్తారో చెప్పండి, 401కె (కంపెనీ ద్వారా జీతంలోంచి వేసుకునే పదవీ విరమణ ఖాతా) శాతం సరిచూసుకోండి. చాలామంది పోయినేడాది పెట్టినదానికే మళ్లీ టిక్కు పెట్టి బయటపడతారు. పన్ను ఆదా కోసం పెట్టిన ఖాతాలు పెనాల్టీలు తెచ్చిపెట్టడం తరచూ అక్కడే మొదలవుతుంది. పరిమితులూ అర్హతలూ మనిషిని బట్టి, కుటుంబాన్ని బట్టి ఉంటాయి. పేరోల్‌కు మాత్రం తన కంపెనీ లెక్క ఒక్కటే తెలుసు. ఏడాది మధ్యలో వదిలేసిన ఉద్యోగం, భార్యో భర్తో తమ ఆఫీసులో తీసుకున్న ఎఫ్‌ఎస్‌ఏ (పన్ను పడని జీతం సొమ్ముతో ఆ ఏడాది ఖర్చులకు వాడే ఖాతా), ఎప్పుడో తెరిచి మర్చిపోయిన ఐఆర్‌ఏ (సొంతంగా తెరుచుకునే పదవీ విరమణ ఖాతా)... వీటన్నిటినీ కలిపి కూడేది మీరే, ఇంకెవరూ కూడరు.

ముందు 2026 అంకెలు. 401కెలో జీతం నుంచి వేసుకోగలిగేది 24,500 డాలర్లు. 50 ఏళ్లు నిండితే ఇంకో 8,000. ఆ ఏడాది 60 నుంచి 63 ఏళ్లలో ఏదో ఒకటి నిండేవాళ్లకు, ప్లాన్ ఒప్పుకుంటే, 8,000 బదులు 11,250. ఐఆర్‌ఏకు 7,500. హెచ్‌ఎస్‌ఏకు ఒంటరి కవరేజీ అయితే 4,400, ఫ్యామిలీ కవరేజీ అయితే 8,750. 55 నిండినవాళ్లకు అదనంగా వెయ్యి. హెచ్‌ఎస్‌ఏ పరిమితిలో కంపెనీ వేసే డబ్బు కూడా కలిసే ఉంటుంది. ఫ్యామిలీ కవరేజీలో కంపెనీ 1,500 వేస్తుంటే మీ వంతు 7,250 మాత్రమే. 401కెలో అలా కాదు, మీరు వేసినదానికి తోడుగా కంపెనీ వేసే మ్యాచ్ మీ 24,500కు బయట.

ఇద్దరూ ఉద్యోగం చేసే ఇళ్లలో అన్నిటికన్నా ఖరీదైన తప్పు ఎఫ్‌ఎస్‌ఏతో వస్తుంది. భర్త హై డిడక్టిబుల్ ప్లాన్ (ఇన్సూరెన్స్ కట్టడం మొదలయ్యేలోపు జేబులోంచి ఎక్కువ పెట్టుకోవాల్సిన ప్లాన్, హెచ్‌ఎస్‌ఏకు అర్హమైనది ఇదే) తీసుకుని హెచ్‌ఎస్‌ఏలో 8,750 పెడతాడు. భార్య వేరే కంపెనీలో మామూలు హెల్త్ ఎఫ్‌ఎస్‌ఏకు టిక్కు పెడుతుంది. ఆ ఎఫ్‌ఎస్‌ఏ డబ్బు భర్త వైద్య ఖర్చులకు కూడా వాడుకోవచ్చు కాబట్టి, చట్టం దృష్టిలో అతనికి రెండో కవరేజీ ఉన్నట్టే. అంటే అతను హెచ్‌ఎస్‌ఏలో వేయడానికి అర్హుడే కాడు, వేసిన 8,750 మొత్తం అదనపు జమ. వెనక్కి తీయకపోతే ఏటా 6 శాతం ఎక్సైజ్ పన్ను, అంటే 525 డాలర్లు, తీసేదాకా ప్రతి ఏడాదీ. రెండు కంపెనీల్లో ఏదీ హెచ్చరించదు. డెంటల్, విజన్‌కు మాత్రమే పనికొచ్చే లిమిటెడ్ పర్పస్ ఎఫ్‌ఎస్‌ఏ అయితే ఇబ్బంది లేదు. పిల్లల డేకేర్‌కు వాడే డిపెండెంట్ కేర్ ఎఫ్‌ఎస్‌ఏ సంగతి వేరు, దానికీ దీనికీ సంబంధం లేదు. వచ్చే ఏడాది హెచ్‌ఎస్‌ఏకు మారబోతున్నవాళ్లు ఈ ఏడాది ఎఫ్‌ఎస్‌ఏను డిసెంబరు 31లోగా సున్నా చేసుకోవాలి. కొంచెం మిగిలి కొత్త ఏడాదికి మామూలు ఎఫ్‌ఎస్‌ఏగానే క్యారీ అయినా ఆ ఏడాది అర్హత మొత్తం పోతుంది.

హెచ్‌ఎస్‌ఏ అర్హత నెలవారీ లెక్క: నెల ఒకటో తారీఖున అర్హమైన ప్లాన్‌లో ఉంటే ఆ నెల మీది. జులై ఒకటిన చేరితే ఆరు నెలల వంతు. డిసెంబరు 1న ప్లాన్‌లో ఉంటే ఏడాది మొత్తం వేసుకోవచ్చన్న వెసులుబాటు నిజమే, కానీ మరుసటి ఏడాది డిసెంబరు 31 దాకా అర్హత నిలబెట్టుకోవాలి. మధ్యలో ఉద్యోగం మారి హెచ్‌ఎస్‌ఏకు అర్హం కాని మామూలు పీపీఓ ప్లాన్‌కు వెళ్తే, అదనంగా వేసుకున్న వంతు ఆదాయంలో కలుస్తుంది, పైన 10 శాతం పడుతుంది. వీసా మీద ఉండి ఏడాదికో ప్రాజెక్టు మారేవాళ్లు దీని జోలికి పోకపోవడమే మంచిది.

ఇక ఇండియా ఖర్చులు. హైదరాబాద్‌లో ఉన్న అమ్మానాన్నల ఆపరేషన్ బిల్లు హెచ్‌ఎస్‌ఏ నుంచి కట్టకూడదు. అమెరికా పౌరులో, అమెరికా, కెనడా, మెక్సికోల్లో ఒకదాని నివాసులో కాని తల్లిదండ్రులు, నెలనెలా మీరే డబ్బు పంపుతున్నా సరే, పన్ను చట్టం లెక్కలో మీ డిపెండెంట్లు కారు. కట్టేస్తే ఆ మొత్తం మీద పన్నుతో పాటు, మీకు 65 నిండకపోతే 20 శాతం పెనాల్టీ. మీకు, మీ భార్యకు, డిపెండెంట్ పిల్లలకు అక్కడ చేయించిన రూట్ కెనాల్, కళ్లద్దాల ఖర్చు మాత్రం చెల్లుతుంది. డాక్టరు రాసిన మందు ఇండియాలో కొని ఇండియాలోనే వాడితే, అది రెండు దేశాల్లోనూ చట్టబద్ధమైన మందైతే సరే. ఆరు నెలలకు సరిపడా కొని సూట్‌కేసులో తెచ్చుకున్నవి లెక్కలోకి రావు. రసీదు మీద రోగి పేరు, తేదీ, చేసిన వైద్యం, రూపాయల మొత్తం ఉండాలి. ఆ రోజు మారకం రేటు పక్కన రాసుకోండి. క్లినిక్‌లో చిత్తుకాగితం మీద అంకె వేసిస్తే తీసుకోకండి, ముద్రించిన బిల్లు అడగండి. హెచ్‌ఎస్‌ఏ తెరిచిన తేదీకి ముందు ఖర్చులు ఎన్నటికీ చెల్లవు. తర్వాతివైతే ఎన్నేళ్లకైనా తీసుకోవచ్చు, రసీదు ఉంటే.

పెద్ద పిల్లల విషయంలో ఇంకో తిరకాసు ఉంది. 26 ఏళ్ల దాకా మీ ఇన్సూరెన్స్‌లో ఉండొచ్చు కదా అని, సంపాదిస్తున్న 24 ఏళ్ల అమ్మాయి బిల్లు మీ హెచ్‌ఎస్‌ఏ కార్డుతో గీకకండి. మీ రిటర్నులో డిపెండెంట్ కాకపోతే చెల్లదు. అయితే ఆమె ఫ్యామిలీ ప్లాన్‌లోనే ఉండి, వేరే కవరేజీ లేకపోతే, తన పేరున హెచ్‌ఎస్‌ఏ తెరిచి 8,750 దాకా వేసుకోవచ్చు. ఇది తెలిసిన ఇళ్లు తక్కువ.

65 దాటాక మెడికేర్‌లో (పెద్దవాళ్లకు ప్రభుత్వ ఆరోగ్య బీమా) చేరబోయేవాళ్లు ఆరు నెలల ముందే హెచ్‌ఎస్‌ఏ జమ ఆపాలి. అందులో ఆసుపత్రి ఖర్చుల భాగమైన పార్ట్ ఎ వెనక్కి ఆరు నెలల దాకా వర్తిస్తుంది, ఆ నెలల్లో వేసినదంతా అదనపు జమ అవుతుంది. కాలిఫోర్నియా, న్యూజెర్సీ రాష్ట్రాలు హెచ్‌ఎస్‌ఏను గుర్తించవు. అక్కడ జమకు రాష్ట్ర పన్ను పడుతుంది, లోపల వచ్చే వడ్డీకీ డివిడెండ్లకూ పడుతుంది, ఆ అంకెలు స్టేట్‌మెంట్లు చూసి మీరే తీసుకోవాలి. రిటర్ను వేసేటప్పుడు ఇంకో పొరపాటు: కంపెనీ ఇచ్చే జీతం లెక్కల ఫారం డబ్ల్యూ-2లో 12వ గడిలో డబ్ల్యూ కోడ్ పక్కన ఉన్నది కంపెనీ వాటా ఒక్కటే కాదు, పేరోల్ ద్వారా మీరు వేసింది కూడా. దాన్ని మళ్లీ సొంత జమగా సాఫ్ట్‌వేర్‌లో ఎక్కిస్తే హెచ్‌ఎస్‌ఏ లెక్క చూపే ఫారం 8889లో రెండింతలై, లేని అదనపు జమ కనిపిస్తుంది.

401కెలో తొందరపాటుకూ ఖరీదుంది. రెండు వారాలకు 6,000 జీతం, 4 శాతం దాకా డాలరుకు డాలరు మ్యాచ్ అనుకోండి. త్వరగా నింపేద్దామని 30 శాతం, అంటే చెక్కుకు 1,800 పెడితే, 14వ చెక్కుతో 24,500 అయిపోతుంది. మిగతా 12 చెక్కుల్లో మీరు ఏమీ వేయరు, కంపెనీ కూడా వేయదు. చెక్కుకు 240 చొప్పున 2,880 డాలర్ల మ్యాచ్ పోతుంది. ఏడాది చివర లెక్కకట్టి ఆ తేడా ఇచ్చే ట్రూ-అప్ మీ ప్లాన్‌లో ఉందా అని హెచ్‌ఆర్‌ను రాతపూర్వకంగా అడగండి. లేకపోతే 15.7 శాతం పెడితే 26 చెక్కులకూ సరిపోతుంది. శాతంలో దశాంశాలు పెట్టుకోనివ్వని పోర్టల్ అయితే 15 పెట్టి చివర్లో పెంచండి.

ఏడాది మధ్యలో కంపెనీ మారితే పాత చోట వేసిన మొత్తం పే స్టబ్‌లో చూసి కొత్త పేరోల్‌కు చెప్పాలి. పాత 401కెను కదిలించేటప్పుడు చెక్కు మీ పేరున రాయించుకోకండి, 20 శాతం పన్ను పట్టుకునే ఇస్తారు. 60 రోజుల్లో ఆ 20 శాతాన్ని కూడా మీ జేబులోంచి కలిపి జమ చేస్తేనే పూర్తి రోలోవర్ అవుతుంది. సొమ్ము నేరుగా కొత్త ఖాతాకే వెళ్లే డైరెక్ట్ రోలోవర్ అని స్పష్టంగా అడగాలి. 50 దాటినవాళ్లకు 2026 నుంచి కొత్త మెలిక: 2025లో అదే కంపెనీ నుంచి సోషల్ సెక్యూరిటీ జీతం 1,50,000 దాటితే క్యాచప్ (50 నిండినవాళ్లకు పైన చెప్పిన అదనపు మొత్తం) రోత్‌లోనే, అంటే ముందే పన్ను కట్టిన సొమ్ముగానే వేయాలి. ప్లాన్‌లో రోత్ లేకపోతే వాళ్లకు క్యాచప్పే లేదు.

ఉమ్మడి ఆదాయం 2,42,000 దాటితే రోత్ ఐఆర్‌ఏలో నేరుగా వేసే పరిమితి తగ్గుతూ, 2,52,000 దగ్గర సున్నా అవుతుంది. మామూలు ఐఆర్‌ఏలో వేసి దాన్ని రోత్‌కు మార్చే బ్యాక్‌డోర్ దారి పట్టేముందు, పాత 401కె సొమ్ము తెచ్చి పెట్టిన రోలోవర్ ఐఆర్‌ఏ ఏదైనా ఉందేమో వెతకండి. అందులో పన్ను కట్టని 67,500 ఉండి, కొత్తగా పన్ను కట్టిన 7,500 వేసి, ఆ 7,500నే మార్చినా, పన్నుల శాఖ ఐఆర్‌ఎస్ అన్నీ కలిపి 75,000గా చూస్తుంది. పన్ను లేకుండా దాటేది 10 శాతమే, మిగతా 6,750 మీద పన్ను. మార్చిన ఏడాది డిసెంబరు 31 నాటి నిల్వే లెక్క కాబట్టి, ఆలోపు పాత సొమ్మును ఇప్పటి కంపెనీ 401కెలోకి పంపేస్తే చిక్కు విడిపోతుంది. పన్ను కట్టి ఐఆర్‌ఏలో వేసిన సొమ్ము లెక్క చూపే ఫారం 8606 ఏటా దాచుకోండి.

ఇండియాకు తిరిగి వెళ్లిపోయేవాళ్లు హడావుడిగా 401కె ఖాళీ చేయకండి. జీతం ఉన్న ఏడాదే తీస్తే పై శ్లాబు పన్ను, 59½ లోపైతే సాధారణంగా 10 శాతం అదనం. అక్కడ రెసిడెంట్ అయ్యాక ఏటా పెరుగుదలపై పన్ను పడకుండా, తీసుకున్నప్పుడే కట్టే వెసులుబాటు ఇండియా 1961 ఆదాయపు పన్ను చట్టంలో సెక్షన్ 89ఏ, ఫారం 10-ఈఈ కింద ఇచ్చారు. రిటర్ను గడువులోపే వేయాలి, ఒకసారి ఎంచుకుంటే వెనక్కి లేదు. 2026 ఏప్రిల్ 1 నుంచి కొత్త ఆదాయపు పన్ను చట్టం వచ్చింది కాబట్టి పాత నంబర్లు పట్టుకుని వెతక్కండి. హెచ్‌ఎస్‌ఏ పదవీ విరమణ ఖాతా కాదు, దానికీ ఇదే వర్తిస్తుందనుకోవద్దు.

ఎక్కడైనా ఎక్కువ పడిందని జనవరిలో తేలితే భయపడక్కర్లేదు, గడువు చూసుకోవాలి. హెచ్‌ఎస్‌ఏ, ఐఆర్‌ఏల్లో అదనాన్ని, దాని మీద వచ్చిన లాభంతో సహా, రిటర్ను గడువులోగా తీయించాలి. ఖాతా నడిపే కస్టోడియన్ సంస్థ దగ్గర మామూలు విత్‌డ్రాయల్ కాకుండా అదనపు జమ తొలగింపు ఫారమే నింపాలి. రిటర్ను సకాలంలో వేసి ఉంటే అక్టోబరు 15 దాకా కూడా సవరించుకోవచ్చు. రెండు కంపెనీల 401కెలు కలిసి పరిమితి దాటితే ఆ సడలింపు లేదు: ఏప్రిల్ 15లోగా డబ్బు బయటికి రావాలి, లేకపోతే అదే సొమ్ముకు ఇప్పుడోసారి, తీసుకున్నప్పుడోసారి పన్ను కడతారు. ప్లాన్‌వాళ్లకు పని జరగడానికి వారాలు పడుతుంది, ఫిబ్రవరిలోనే ఉత్తరం పెట్టండి.