రాతిగుండు ఆకారాన్ని సిమెంటు తొడుగుగా పట్టడం ఎలా?

హైదరాబాద్ శివారు గుట్టల మీది గ్రానైటు గుండ్లు దాదాపు 250 కోట్ల ఏళ్లవి. కోకాపేటలోనో గచ్చిబౌలిలోనో పునాదికి అడ్డొచ్చిన గుండు కంకర కావడానికి కొన్ని రోజులు చాలు. అది పోయేలోపు దాని ఆకారాన్ని, దాన్ని మింగుతున్న సిమెంటుతోనే ఒక శిల్పంగా పట్టి ఉంచాలి. థర్మోకోల్ చెక్కి బూడిద రంగు పూసి రాయి అని నిలబెట్టడం చూస్తే నాకు కోపం వస్తుంది. రాయిని తాకని వస్తువు ఆ రాయి గురించి ఏమీ చెప్పలేదు.

కావలసినవి: సిమెంటు, జల్లించిన ఇసుక, కోళ్ల జాలీ, పాలిథిన్ పట్టా, రబ్బరు చేతితొడుగులు, గోనె సంచులు. గోనె పాతదే కావాలి, కొత్తది రాతి వంపుల్లోకి దిగదు. యజమాని అనుమతి తీసుకోండి. పేలుళ్లు జరిగే చోటికి వెళ్లవద్దు.

నడుము ఎత్తు దాటని గుండును ఎంచుకుని, దుమ్ము ఊడ్చి, దాని మీద పాలిథిన్ పరిచి చేత్తో ఒత్తండి. గుండు పొట్ట బాగా ఉబ్బిన చోట చుట్టూ మార్కరుతో గీత గీయండి. ఆ గీత దాటి కిందికి దిగితే తొడుగు రాయిని పట్టేసుకుంటుంది, పగలగొడితే గానీ రాదు.

పని చెడేది ఇక్కడి నుంచే. సిమెంటు ఒక పాలు, ఇసుక రెండు పాళ్లు. నీళ్లు కొలిచి పోయాలి: 10 కిలోల సిమెంటుకు 5 లీటర్లు దాటకూడదు. గోనె ముంచడం సులువవుతుందని ఇంకా కుమ్మరిస్తారు. ఎక్కువైన నీరు ఆవిరయ్యాక రంధ్రాలు మిగులుతాయి, తొడుగు నెర్రెలిస్తుంది. గోనెను మామూలు నీటిలో నానబెట్టి, పిండి, ఆ తర్వాతే సిమెంటు పట్టించండి. పొడి గోనె సిమెంటులోని నీటిని లాగేస్తుంది. ఒక పొర గోనె, దానిపై జాలీ, మళ్లీ రెండు పొరలు. మొత్తం మందం 2 సెంటీమీటర్లు. కలిపిన అరగంటకే సిమెంటు బిగియడం మొదలు కావచ్చు, అందుకే ఒక్కో తట్ట చొప్పున కలపండి. బిగిసిన దానిలో నీళ్లు పోసి మళ్లీ కలపవద్దు, పారేయండి.

ఇక తడపడం. సిమెంటు ఆరి గట్టిపడుతుందని చాలామంది నమ్మకం. అది తప్పు. నీటితో కలిసే గట్టిపడుతుంది, ఆరిపోతే ఆ పని అక్కడే ఆగుతుంది. తడి గోనె, దానిమీద పాలిథిన్ కప్పి రోజుకు మూడుసార్లు తడపండి. కనీసం 7 రోజులు, ఎండాకాలంలో 10. మొదటిసారి నేను మూడో రోజే తీశాను. తొడుగు చేతుల్లోనే రెండుగా చీలింది, మరునాటికి ఆ గుండు కూడా లేదు. ఈ పనిలో రెండో అవకాశం ఉండదు.

ఎత్తడానికి నలుగురు కావాలి. చదరపు మీటరుకు సుమారు 40 కిలోల బరువు ఉంటుంది.

లండన్‌లో శిల్పి రేచెల్ వైట్‌రీడ్ 1993లో ఒక ఇంటి లోపలి ఖాళీని కాంక్రీటుతో పోతపోశారు. ఇక్కడ లోపల ఏమీ నింపవద్దు. పోయింది గుండు కాబట్టి ఖాళీయే కనబడాలి. తొడుగును మూడు ఇటుకల దొంతుల మీద నిలిపి, నేలకూ అంచుకూ మధ్య జానెడు సందు వదలండి. పక్కన అదే స్థలంలోని కంకరను కుప్ప పోయండి. రంగు వద్దు, వార్నిషు వద్దు. లోపలివైపు పడ్డ పాలిథిన్ మడతల గీతలను నునుపు చేయవద్దు.