టెక్సస్‌లో చదువుకి వచ్చారా? ఆ హిస్టరీ క్లాసు గురించి కాస్త చెప్తా

ఆగస్టు వచ్చిందంటే చాలు నా ఫోన్‌కి ఒకటే మెసేజ్, "అక్కా, నేను కంప్యూటర్ సైన్స్ చదవడానికొచ్చా, నాకీ అమెరికా హిస్టరీ ఎందుకు, ఎవరైనా ఈజీ ప్రొఫెసర్ ఉంటే చెప్పు" అని. ఎందుకు అనేదానికి చిన్న జవాబు ఏంటంటే, టెక్సస్ గవర్నమెంట్ కాలేజీల్లో బ్యాచిలర్స్ పట్టా చేతికి రావాలంటే అమెరికన్ హిస్టరీ 6 క్రెడిట్లు ఉండాల్సిందే, రాష్ట్ర చట్టంలోనే రాసి ఉంది. అంటే మామూలుగా రెండు కోర్సులు, హిస్టరీ 1301 మొదట్నుంచి 1877 దాకా, 1302 అక్కణ్ణుంచి ఇప్పటిదాకా. ఎంఎస్‌కి వచ్చినవాళ్ళకి ఈ గొడవ లేదు. హెచ్4 (ఇక్కడ ఉద్యోగం చేసేవాళ్ళ భార్యకో భర్తకో ఇచ్చే వీసా) మీద వచ్చి ఇంట్లో గోడలు చూస్తూ కూర్చోలేక కమ్యూనిటీ కాలేజీలో చేరే నాలాంటి వాళ్ళకి ఉంది, ఇక్కడ డిగ్రీకే వచ్చే పిల్లలకి ఉంది. క్లెప్ అని ఒక పరీక్ష ఉంది, రాసి పాసైతే చాలా కాలేజీలు క్రెడిట్ ఇచ్చేస్తాయి, డబ్బులు కలిసొస్తాయి, నిజమే, కానీ నన్నడిగితే కనీసం 1302 అన్నా క్లాసులో కూర్చుని వినండి. ఎఫ్1 (స్టూడెంట్ వీసా) వాళ్ళకి ఇంకో మాట, ఆన్‌లైన్ క్లాసు సెమిస్టర్‌కి ఒక్కటే ఫుల్‌టైమ్ లెక్కలోకి వస్తుంది, అది దీనికి వాడేసుకుంటే తర్వాత అవస్థ పడతారు.

1877 దగ్గరే ఎందుకు తెంచారు అని నేనూ అనుకున్నా. సివిల్ వార్ (ఉత్తర, దక్షిణ రాష్ట్రాల మధ్య జరిగిన యుద్ధం) అయ్యాక బానిసత్వం పోయింది, నల్లజాతి మగవాళ్ళకి ఓటు వచ్చింది, కొందరు కాంగ్రెస్‌కి కూడా గెలిచారు, వాళ్ళకి కాపలాగా సౌత్‌లో ఉన్న ఫెడరల్ సైన్యాన్ని 1877లో వెనక్కి తీసేసుకున్నారు, దాంతో వచ్చిన హక్కులు ఒక్కొక్కటే ఊడిపోయాయి. పుస్తకం రెండు ముక్కలైంది అక్కడే. సెమిస్టర్ మొదట్లో ఎవరూ ఈ ముక్క చెప్పరు, మీరు తెలుసుకుని వెళ్తే సగం పాఠం అర్థమైనట్టే.

మనకి స్కూల్లో హిస్టరీ అంటే అశోకుడు రోడ్డుకి ఇరువైపులా చెట్లు నాటించెను, అంతే కదా, తారీఖులు బట్టీ పట్టడం, పేజీ నింపడం. నేనూ మొదటి పేపర్ అలాగే నింపా, ఐదు పేజీలు, ఎక్కడా తప్పు లేదు, సి వచ్చింది. పక్కన ఎర్ర పెన్నుతో ఒకటే లైను, "ఇందులో నీ వాదన ఏది?" అని. ఏడుపొచ్చింది. తర్వాత ఆఫీస్ అవర్స్‌కి (స్టూడెంట్లు వచ్చి అడగడానికి ప్రొఫెసర్ రూములో ఉండే టైము) వెళ్తే మా ప్రొఫెసర్ ఆవిడ అరగంట కూర్చోబెట్టి చెప్పింది, ఏం జరిగిందో పుస్తకంలో ఉంది, ఎందుకు జరిగింది, ఎవరికి లాభం, ఎవరి మాట రికార్డులో లేదు, అది నువ్వు చెప్పాలి అని. దానికి ప్రైమరీ సోర్సులు ఇస్తారు, అంటే ఆ కాలపు ఉత్తరం, కోర్టు తీర్పు, పేపర్ కటింగు, ఇంటి దస్తావేజు లాంటివి. ఆఫీస్ అవర్స్‌కి వెళ్ళడానికి సిగ్గుపడకండి, మన దగ్గర లెక్చరర్ రూముకి వెళ్తే ఏదో తప్పు చేసినట్టు చూస్తారు గానీ ఇక్కడ రాకపోతేనే వింత.

మాటల దగ్గర జాగ్రత్త. పుస్తకంలో ఇండియన్స్ అని ఉంటే అది మనం కాదు, ఇక్కడి నేటివ్ అమెరికన్లు, మొదటి వారం నేను రెండు పేజీలు చదివాక గానీ వెలగలేదు. పాత డాక్యుమెంట్లలో నీగ్రో అని ఉంటుంది, ఎన్‌తో మొదలయ్యే ఇంకో బూతుమాట కూడా ఉంటుంది, ఆ రెండోది కోట్ చేస్తున్నా సరే పైకి చదవొద్దు. క్లాస్ అంటే మన మిడిల్ క్లాస్ కబుర్లు కాదు, ఎవరు కూలి ఇస్తారు ఎవరు తీసుకుంటారు అనే లెక్క. ఇన్‌స్టిట్యూషన్ అంటే కాలేజీ బిల్డింగ్ అనుకునేరు, పెళ్ళి, చర్చి, కోర్టు, జైలు, బ్యాంకు అన్నీ ఆ మాట కిందకే వస్తాయి.

రేస్, జెండర్, క్లాస్ మూడూ కలిపి రాయమంటారు, చాలామందికి చేతకానిది అదే, మూడు పేరాలు విడివిడిగా రాసి పడేస్తారు. నాకు ఇది అర్థమైంది పీకన్ పప్పు వల్ల. మనం థాంక్స్‌గివింగ్‌కి పీకన్ పై కొనుక్కొస్తాం కదా, ఆ పప్పు. 1930ల్లో శాన్ ఆంటోనియోలో ఈ గింజలు కొట్టి పప్పు తీసే పని వేలమంది చేసేవాళ్ళు, ఎక్కువమంది మెక్సికన్ అమెరికన్ ఆడవాళ్ళు, గాలాడని షెడ్లలో, దుమ్ములో, వాళ్ళలో టీబీ చాలా ఎక్కువ. పౌండు పప్పుకి 6, 7 సెంట్లు ఇచ్చేది 5, 6కి తగ్గిస్తే 1938 జనవరి ఆఖర్లో పని మానేశారు, దాదాపు 12,000 మంది. ముందు నిలబడింది ఎమ్మా టెనయూకా, వయసు 21. ఇది చదువుతుంటే నాకు పలాస గుర్తొచ్చింది, మా పెద్దమ్మ వాళ్ళది అటే, జీడిపిక్కలు వలిచే ఆడవాళ్ళ చేతివేళ్ళు ఆ జీడికి నల్లగా కమిలిపోయి ఉంటాయి, చిన్నప్పుడు చూశా. ఇప్పుడు చెప్పండి, ఆ పీకన్ కూలి అంత తక్కువ ఎందుకు? మెక్సికన్ అయినందుకా, ఆడది అయినందుకా, కూలిది అయినందుకా? ఒకటి తీసేసి ఇంకోటి చెప్పలేరు. వేరే పని ఇవ్వరు కాబట్టి ఈ పనికి వస్తారు, ఆడవాళ్ళ సంపాదన ఇంటికి పైఖర్చులకే అంటారు కాబట్టి తక్కువ ఇస్తారు, యూనియన్ అంటే పోలీసులొచ్చి జైల్లో వేస్తారు. కథ అక్కడితో సుఖాంతం కూడా కాదు, అదే ఏడాది దేశం మొత్తానికి గంటకి 25 సెంట్ల కనీస వేతనం చట్టం వస్తే, అంత ఇవ్వడం ఎందుకని యజమానులు మెషీన్లు తెచ్చుకున్నారు, వేలమంది పని పోయింది. ఆ చట్టంలో పొలం పనివాళ్ళని, ఇళ్ళల్లో పనిచేసేవాళ్ళని వదిలేశారు, ఆ పనుల్లో ఎవరు ఎక్కువ ఉండేవాళ్ళో వేరే చెప్పాలా.

ఇక "ఇదంతా వాళ్ళ గొడవ, మనకేంటి" అనేవాళ్ళ కోసం భగత్ సింగ్ థింద్ కేసు. 1790 చట్టం ప్రకారం బయటి నుంచి వచ్చినవాళ్ళలో పౌరసత్వం తెల్లవాళ్ళకే, సివిల్ వార్ తర్వాత ఆఫ్రికా మూలాలవాళ్ళనీ చేర్చారు, మధ్యలో మనం ఎటూ కాదు. థింద్ పంజాబీ, మొదటి ప్రపంచయుద్ధంలో అమెరికా సైన్యంలో పనిచేశాడు, పౌరసత్వం అడిగాడు. ఆయన వాదన ఏంటో తెలుసా, నేను అగ్రకులం ఆర్యుణ్ణి, కింది కులాలతో కలవని రక్తం, కాబట్టి నేను కాకేషియన్, అంటే తెల్లజాతివాణ్ణే అని. 1923లో సుప్రీం కోర్టు జడ్జీలందరూ ఒకే మాటగా కుదరదు అన్నారు, మామూలు మనిషి దృష్టిలో నువ్వు తెల్లవాడివి కాదు, అంతే. అప్పటికే పౌరసత్వం వచ్చిన ఎంతోమంది ఇండియన్లకి కూడా అది లాగేసుకున్నారు. శాన్ ఫ్రాన్సిస్కోలో దుకాణం పెట్టుకున్న వైష్ణో దాస్ బగాయ్ అనే ఆయన 1928లో ఆత్మహత్య చేసుకున్నాడు. మన యల్లాప్రగడ సుబ్బారావు గారు సరిగ్గా ఆ రోజుల్లోనే బోస్టన్‌లో, పగలు హార్వర్డ్‌లో చదువు, రాత్రిళ్ళు హాస్పిటల్లో రోగుల బెడ్‌పాన్లు కడిగే ఉద్యోగం. ఆయన గురించి మనం గర్వంగా చెప్పుకుంటాం గానీ 1946 దాకా ఆయనకి ఇక్కడ పౌరసత్వం అడిగే వీలే లేదని ఎవరం చెప్పుకోం. 1946లో చట్టం మారినా ఇండియా కోటా ఏడాదికి 100 మంది. వెయ్యి కాదు, వంద.

ఆ తలుపు తెరిచింది 1965 ఇమ్మిగ్రేషన్ చట్టం. అది ఆకాశం నుంచి ఊడిపడలేదు, అంతకు ముందు ఏడాదే సివిల్ రైట్స్ చట్టం, ఆ ఏడాదే ఓటు హక్కు చట్టం, నల్లజాతివాళ్ళు రోడ్ల మీద కుక్కలతో కరిపించుకుని, దెబ్బలు తిని సాధించుకున్న గాలిలోనే, రంగు చూసి దేశాన్ని బట్టి కోటాలివ్వడం ఇంక సిగ్గుచేటు అనిపించి ఇదీ మారింది. మనం మాత్రం వచ్చిన మూడో రోజే "అది నల్లోళ్ళ ఏరియా, అటు అపార్ట్‌మెంట్ తీసుకోకు" అని చెప్పేస్తాం. నాకూ చెప్పారు, నేనూ ఇంకొకరికి చెప్పా, దాచుకోవడం దేనికి. ఆ ఏరియా అలా ఎందుకుంది అని ఒక్కసారి చూడండి. 1930ల్లో ఇంటి లోన్ల కోసం గవర్నమెంట్ సంస్థే ఊళ్ళకి మ్యాపులు గీయించింది, మంచివి ఆకుపచ్చ, లోన్ ఇవ్వడం రిస్కు అనేవి ఎరుపు, నల్లజాతివాళ్ళు ఉంటే దాదాపు ఎరుపే. రిచ్‌మండ్ యూనివర్సిటీ వాళ్ళు అవన్నీ ఆన్‌లైన్‌లో పెట్టారు, డాలస్‌ది కూడా ఉంది, మీ అసైన్‌మెంట్‌కి బ్రహ్మాండంగా పనికొస్తుంది. దస్తావేజుల్లో కాకేషియన్లు కానివాళ్ళకి అమ్మకూడదని రాసుకునేవాళ్ళు, అలాంటి షరతులు కోర్టులు అమలు చేయకూడదని 1948లో తీర్పు వచ్చింది, ఇళ్ళ విషయంలో వివక్ష తప్పని చట్టం చేయడానికి 1968 దాకా పట్టింది. మనం ఇల్లు కొనేముందు చూసే స్కూల్ రేటింగ్ సంగతి కూడా ఇక్కడిదే, స్కూలుకి డబ్బులో పెద్ద భాగం ఆ ఏరియా ఇళ్ళ పన్నుల నుంచి వస్తుంది, పేద ఏరియా పిల్లలకి ఇది అన్యాయం అని శాన్ ఆంటోనియో తల్లిదండ్రులు కేసు వేస్తే 1973లో సుప్రీం కోర్టు 5-4తో రాజ్యాంగం దీన్ని తప్పుపట్టదు అంది.

హెచ్4 చెల్లెళ్ళకి ఒక ముక్క. 1907 చట్టం ప్రకారం అమెరికన్ అమ్మాయి విదేశీయుణ్ణి చేసుకుంటే ఆమె పౌరసత్వం పోయేది. 1922లో మార్చారు, కానీ పౌరసత్వానికి అర్హత లేనివాణ్ణి చేసుకుంటే మాత్రం పోతుంది అని మెలిక పెట్టారు, మర్నాటి ఏడాదే థింద్ తీర్పు, ఇంక ఇండియన్‌ని చేసుకున్న తెల్లమ్మాయి కూడా ఏ దేశమూ లేనిది అయిపోవచ్చు. పెళ్ళాం ఉనికి మొగుడి కాగితాల్లో ఉండటం కొత్త కాదన్నమాట. నేను వచ్చినప్పుడు నా పేరుతో క్రెడిట్ కార్డు కావాలంటే మా ఆయన కార్డు మీద ఆథరైజ్డ్ యూజర్‌గానే వచ్చింది, ఆ రాత్రే రీడింగ్‌లో 1974 దాకా పెళ్ళైన ఆడదానికి బ్యాంకులు మొగుడి సంతకం అడిగేవని చదివి, పక్కన నిద్రపోతున్న మనిషిని లేపి మరీ చెప్పా, ఆయన "ఊ" అని అటు తిరిగి పడుకున్నారు.

డిస్కషన్ పోస్టుల్లో మనవాళ్ళు చేసే పెద్ద పొరపాటు, "మా దేశంలో ఇలాంటివి లేవు" అని రాయడం. క్లాసులో ఎవరో ఒకరు కులం గురించి అడుగుతారు. కాకేషియన్లు కానివాళ్ళకి ఇల్లు అమ్మకూడదన్న ఆ దస్తావేజు చూసి నేను అయ్యో అని రాయబోతూ ఆగిపోయా, ఊళ్ళో మా నాన్న పై పోర్షన్ అద్దెకిచ్చే ముందు "మీరేమిట్లు?" అని అడిగేవారు, ఇక్కడ మన రూమ్మేట్ ప్రకటనల్లో వెజ్ ఓన్లీ అని పెట్టి ఫోన్లో మెల్లగా ఇంటిపేరు అడుగుతారు, మరి నేనేం రాయను? చివరికి అదే రాశా, మార్కులు బానే వచ్చాయి, ఒక తెలుగబ్బాయి మాత్రం క్లాసయ్యాక "పరువు తీశారు కదండీ" అన్నాడు. రేస్, కులం రెండూ ఒకటే అని రాసేయకండి, తేడాలున్నాయి, పోలికలు వాదించాలి. అంబేడ్కర్ గారు 1913 నుంచి 1916 దాకా న్యూయార్క్‌లో కొలంబియాలో చదివారు, 1946లో నల్లజాతి మేధావి డబ్ల్యు.ఇ.బి. డుబోయిస్‌కి ఉత్తరం రాశారు, నల్లజాతివాళ్ళు ఐక్యరాజ్యసమితికి పెడుతున్న అర్జీ కాపీ పంపమని, మా అంటరానివాళ్ళం కూడా అదే ఆలోచనలో ఉన్నామని. డుబోయిస్ జవాబూ ఇచ్చారు. ప్రైమరీ సోర్స్ కావాలంటే ఇంతకన్నా ఏం కావాలి.

డాలస్‌లో ఉండేవాళ్ళకి చివరగా ఒక చోటు చెప్తా. ప్లేనో, రిచర్డ్‌సన్ నుంచి డౌన్‌టౌన్‌కి రోజూ పోయే 75 హైవే ఉంది కదా, సెంట్రల్ ఎక్స్‌ప్రెస్‌వే, 1940ల్లో అది వేసినప్పుడు ఫ్రీడ్‌మన్స్ సెమెటరీ మీదుగా వేశారు, బానిసత్వం నుంచి బయటపడ్డవాళ్ళు 1869లో మొదలుపెట్టుకున్న శ్మశానం. 1990ల మొదట్లో రోడ్డు వెడల్పు చేస్తుంటే 1,157 మంది అవశేషాలు తవ్వి తీసి మళ్ళీ పూడ్చాల్సొచ్చింది. మా ఆయన ఆ రోడ్డు మీద తొమ్మిదేళ్ళు ఆఫీసుకెళ్ళారు, ఒక్కసారి కూడా అటు చూడలేదు, నేనూ అంతే. ఇప్పుడక్కడ మెమోరియల్ ఉంది, పెద్ద ఆర్చి, కంచు విగ్రహాలు, లెమన్ అవెన్యూ దగ్గర దిగాలి. లోకల్ హిస్టరీ పేపర్ ఇస్తే దీని మీద రాయండి, కాకపోతే ఆగస్టులో మధ్యాహ్నం పూట వెళ్ళకండి, పొద్దున్నే వెళ్ళండి, నీళ్ళ బాటిల్ పట్టుకెళ్ళండి, ఆ కంచు ముట్టుకుంటే చెయ్యి కాలుతుంది.