పాఠం 5: ఫైలు బ్రౌజర్‌కు చేరే దారిలో ఎక్కడ చెడింది?

పోయిన పాఠంలో డేటాబేస్‌లో దాచిన ఫైళ్లను బ్రౌజర్‌కు పంపాం. అది చేసినవాళ్లలో చాలామందికి ఒకటే ఇబ్బంది వచ్చింది. వరంగల్ కొత్తవాడ దర్రీ (నేత తివాచీ) ఫొటో అసలు తెరుచుకోలేదు. ధరల పట్టిక పీడీఎఫ్ తెరుచుకుంది, పేజీల లెక్క కూడా సరిగ్గానే చూపించింది, కానీ పేజీలన్నీ ఖాళీ. డేటాబేస్ పాడైందని టెన్షన్ పడి కొందరు టేబుల్ చెరిపేసి మళ్లీ ఎక్కించారట. లోపల ఫైలు బాగానే ఉంది, బయటికి వచ్చే దారిలో చెడింది. ఆ దారి గురించి నేను చెప్పాల్సినంత చెప్పలేదు.

ఏఎస్‌హెచ్‌ఎక్స్ హ్యాండ్లర్ (బ్రౌజర్ అడిగిన ఫైలును పంపే ఏఎస్‌పీ డాట్ నెట్ కోడ్) పెట్టడం, ఐడీని పారామీటర్‌గా ఇచ్చి క్వెరీ నడపడం మీకు వచ్చు. నేరుగా దానిలో ప్రతి రిక్వెస్ట్‌కూ నడిచే ప్రాసెస్‌రిక్వెస్ట్ మెథడ్ లోపలికి వెళ్దాం.

వార్‌బైనరీ కాలమ్ (ఫైలు బైట్లు దాచే కాలమ్) నుంచి వచ్చిన బైట్లను ఎక్కడైనా స్ట్రింగ్‌గా మార్చారేమో చూడండి. జేపెగ్ మొదటి బైటు ఎఫ్ఎఫ్. అక్షరాలను బైట్లుగా రాసే యూటీఎఫ్-8 పద్ధతిలో ఆ బైటుకు చోటే లేదు. బైట్లను అక్షరాలుగా మార్చే డీకోడర్ దాన్ని తీసేసి ‘�’ గుర్తు పెడుతుంది, మళ్లీ రాసేటప్పుడు ఆ గుర్తు 3 బైట్లవుతుంది. అసలు బైటు ఇక తిరిగి రాదు. పీడీఎఫ్‌లో పైనిర్మాణం మామూలు అక్షరాలు కాబట్టి బతికింది, కుదించి దాచిన పేజీ విషయం పోయింది.

యూటీఎఫ్-8 బదులు ఆస్కీ అనే పాత పద్ధతి పెడితే? 127 దాటిన ప్రతి బైటూ ప్రశ్నార్థకం అవుతుంది. సైజు మారదు కాబట్టి తప్పు ఇంకా ఆలస్యంగా దొరుకుతుంది. బైట్లను రెస్పాన్స్.రైట్‌కి ఇస్తే? ‘సిస్టమ్.బైట్[]’ అనే పేరే 13 ఇంగ్లీషు అక్షరాలుగా బయటికి పోతుంది. ఫొటో అయితే కంటెంట్‌టైప్‌కి ‘ఇమేజ్/జేపెగ్’ ఇచ్చి, రెస్పాన్స్.బైనరీరైట్‌కి బైట్ల అరేని ఉన్నదున్నట్టు ఇవ్వండి. మధ్యలో స్ట్రింగ్ ఉండకూడదు.

ఇదే తప్పు ఎక్కించే వైపు జరిగితే డేటాబేస్‌లోని కాపీయే చెడుతుంది. నేతన్న ఆ డిజైన్ ఫొటోని ఫోన్‌లోంచి తీసేసి ఉంటే మళ్లీ దొరకదు. అందుకే రెండు వైపులా చూడమంటున్నాను.

హ్యాండ్లర్‌లోని ఈజ్‌రీయూజబుల్ (ఒకే ఆబ్జెక్ట్‌ని మళ్లీ వాడవచ్చా అని చెప్పేది) నేనెప్పుడూ ఫాల్స్ పెడతాను. ట్రూ పెడితే అదే ఆబ్జెక్ట్ తర్వాతి రిక్వెస్ట్‌కూ రావచ్చు, క్లాస్ ఫీల్డులో దాచిన ఐడీ వేరేవాళ్లకు పోవచ్చు.

అభ్యాసం: డేటాలెంగ్త్ (కాలమ్‌లో ఎన్ని బైట్లున్నాయో చెప్పే ఎస్‌క్యూఎల్ ఫంక్షన్) ఇచ్చిన అంకె, దిగిన ఫైలు బైట్లు ఒకటేనా చూడండి, ఫైలు తెరిచి కూడా చూడండి. తర్వాత 60 ఎంబీ మగ్గం వీడియో ఎక్కించండి. మామూలుగా ఏఎస్‌పీ డాట్ నెట్‌కి 4096 కేబీ, వెబ్ సర్వర్ ఐఐఎస్‌కి 3,00,00,000 బైట్లు పరిమితి, కాబట్టి ఎక్కదు. రెండూ సవరించండి. పంపేటప్పుడు సీక్వెన్షియల్‌యాక్సెస్‌తో (కాలమ్‌ని ముక్కలుగా చదవనిచ్చేది) 64 కేబీ చొప్పున చదివి, బఫర్‌అవుట్‌పుట్ (పంపేదంతా ముందు మెమరీలో పోగేసేది) ఫాల్స్ చేయండి. సర్వర్ మెమరీ 60 ఎంబీ పెరిగిందంటే ఫైలు మొత్తం మెమరీలోకి వచ్చేసినట్టే, కోడ్ మళ్లీ రాయండి.