జబ్బు చేసి పనికి పోలేని రోజులకు ఈఎస్ఐ డబ్బు తీసుకోవడం ఎలా

మా హౌస్‌కీపింగ్ వాళ్ళలో ఎవరిని అడిగినా ఈఎస్ఐ (ఉద్యోగుల రాజ్య బీమా) అంటే మాత్రలిచ్చే చోటనే చెబుతారు. పచ్చకామెర్లు వచ్చేదాకా నేనూ అంతే అనుకున్నాను. పనికి పోలేని రోజులకు జీతంలో 70 శాతం ఇస్తారని డిస్పెన్సరీ లైన్లో నా ముందున్న సెక్యూరిటీ గార్డు చెబితేనే తెలిసింది. ఆరేళ్ళుగా దీనికని నెలనెలా జీతంలో కోస్తున్న కాంట్రాక్టరు ఒక్కసారి కూడా చెప్పలేదు.

ముందు జీతం స్లిప్పు చూసుకోండి. నెల జీతం 21,000 లోపు ఉన్నవాళ్ళకు ఈఎస్ఐ కింద 0.75 శాతం కోత ఉంటుంది. నాకు 12,000 కాబట్టి 90 రూపాయలు. కాంట్రాక్టరు తన వాటా 3.25 శాతం, అంటే 390, సొంతంగా కట్టాలి. అదీ మీ జీతంలోంచే లాగుతుంటే ఊరుకోవద్దు. కోసింది నిజంగా కట్టారా అన్నది వేరే సంగతి. ఈ బీమా నడిపే సంస్థ ఈఎస్ఐసీ వెబ్‌సైటులో మీ ఇన్సూరెన్స్ నంబరుతో లాగిన్ అయితే ఏ నెలకు ఎన్ని రోజులు కట్టారో కనిపిస్తుంది. మా అబ్బాయి ఫోన్లో పది నిమిషాల్లో చూపించాడు.

అసలు లెక్క ఇక్కడుంది. జనవరి నుంచి జూన్ లోపు జబ్బు చేస్తే, అంతకు ముందటి ఏప్రిల్–సెప్టెంబరులో మీ పేరున కనీసం 78 రోజులు కట్టి ఉండాలి. జూలై–డిసెంబరులో జబ్బుకైతే అంతకు ముందటి అక్టోబరు–మార్చి చూస్తారు. కాంట్రాక్టరు మారినప్పుడల్లా కొత్త నంబరు తీస్తే ఈ రోజులు రెండు ముక్కలైపోతాయి. అందుకే కొత్త చోట చేరిన రోజే పాత నంబరు కాగితం చేతికివ్వండి. మా దగ్గర ఒకామెకు మూడు నంబర్లున్నాయి. వాటిని కలిపించడానికి ఈఎస్ఐ బ్రాంచి ఆఫీసు చుట్టూ తిరగలేక చెప్పులరిగాయి.

నేను చేసిన తప్పు మీరు చేయకండి. మొదటి వారం వీధి చివరి క్లినిక్‌లో చూపించుకున్నాను. ఆ చీటీతో డబ్బు రాలేదు. ఈఎస్ఐ డిస్పెన్సరీ డాక్టరు ఇచ్చిన సర్టిఫికెట్ ఉండాలి. జ్వరం ఉన్నా సరే, ఎవరినైనా తోడు తీసుకుని మొదటి రోజే వెళ్ళండి. సాధారణంగా వారానికోసారి కొత్త సర్టిఫికెట్ రాయించుకోవాలి, చివర్లో పనికి పనికొస్తారని ఫిట్‌నెస్ సర్టిఫికెట్ తీసుకోవాలి. ప్రతిదానికీ ఫోటో తీసి పెట్టుకుని, క్లెయిమ్ ఫారంతో బ్రాంచి ఆఫీసులో ఇవ్వండి. బ్యాంకు ఖాతా అక్కడ నమోదై ఉండాలి.

నా సర్టిఫికెట్లు 24 రోజులకు వచ్చాయి. మొదటి రెండు రోజులకు ఇవ్వరు. మిగతా 22 రోజులకు, రోజుకు 400 జీతంలో 70 శాతం, అంటే 280 చొప్పున 6,160 రూపాయలు ఖాతాలో పడ్డాయి. అద్దె కట్టాను. ఏడాదికి 91 రోజుల వరకు ఇలా ఇస్తారు. ఆ రోజుల్లో పనిచేసినా, జీతంతో సెలవు తీసుకున్నా ఆ రోజులకు డబ్బు రాదు. ఈ డబ్బు తీసుకుంటున్న కాలంలో పనిలోంచి తీసేయకూడదని చట్టంలోనే ఉంది. సూపర్‌వైజరు బెదిరిస్తే ఈ మాట చెప్పండి. ఇప్పుడు నేనే సూపర్‌వైజర్ని, అది వేరే కథ.

పనిచేస్తూ మెట్ల మీద జారి పడితే లెక్క మారుతుంది. 78 రోజుల షరతు ఉండదు, చేరిన మొదటి రోజైనా 90 శాతం ఇస్తారు. ప్రమాదం జరిగిన వెంటనే కంపెనీ చేత యాక్సిడెంటు రిపోర్టు పంపించండి. "తగ్గాక చూద్దాంలే" అంటే వినకండి. టీబీ, క్యాన్సర్ లాంటి పెద్ద జబ్బులకు, రెండేళ్ళ సర్వీసు, సరిపడా రోజులు ఉంటే, 80 శాతం చొప్పున రెండేళ్ళ వరకు కూడా ఇస్తారు.

గర్భిణులకు, మొదటి ఇద్దరు పిల్లల వరకు, 26 వారాలు పూర్తి జీతం వస్తుంది. దీనికి అంతకు ముందటి రెండు ఆరు నెలల కాలాల్లో కలిపి 70 రోజులు కట్టి ఉంటే చాలు. మా టీములో కడుపుతోనే బకెట్లు మోస్తున్న అమ్మాయికి ఐదో నెలలో ఈ మాట చెప్పాను, ఆ సాయంత్రమే స్లిప్పులన్నీ వెతుక్కుని తెచ్చింది.