పొద్దుగూకేలోపు: పాలూ పెరుగూ లేని సబ్బాతు వంట

మాది కావలి. శనివారాన్ని విశ్రాంతి దినంగా పాటించే అడ్వెంటిస్టు క్రైస్తవ కుటుంబం. శుక్రవారం పొద్దుగూకినప్పటి నుంచి శనివారం పొద్దుగూకేదాకా మాకు సబ్బాతు. ఆ వేళల్లో కొత్తగా వంట మొదలుపెట్టం. వండిపెట్టింది వేడిచేసుకుంటే తప్పులేదన్నది మా అత్తమ్మ కాలం నుంచీ మా ఇంటి పద్ధతి. కొన్నిళ్ళలో అదీ చెయ్యరు. మామూలు రోజుల్లో ఇదేం ఇబ్బంది కాదు. శుక్రవారం పొద్దున మరిది ఫోన్ చేసి, "వదినా, రేపు వాక్యం చెప్పే అయ్యగారు మనింట్లోనే దిగుతున్నారు. ఆయన పాలు, పెరుగు, నెయ్యి, తేనె కూడా ముట్టరంట" అని చల్లగా చెప్పినప్పుడే అసలు పని.

మాలో మాంసం మానేసినవాళ్ళు చాలామందే ఉన్నారు. ఆదికాండం 1:29లో చెప్పిన గింజలూ పండ్లే చాలని పాలు కూడా మానేసినవాళ్ళు కొందరు. అలాంటి అతిథి వస్తే మార్కెట్టుకి పరిగెత్తొద్దు. ముందు డబ్బాలు దించండి. కందిపప్పు, శెనగలు, నువ్వులు, శెనక్కాయ గుళ్ళు (వేరుశెనగ పలుకులు), చింతపండు, బెల్లం, ఒరుగులు (ఎండబెట్టిన కూరగాయ ముక్కలు), ఊరగాయలు ఉంటే శనివారం మధ్యాహ్నం దాకా గడిచిపోతుంది. ఇక్కడ చూడాల్సింది ఒక్కటే: నిలవుంటే రుచి పెరిగేవి ఏరుకోవాలి. పులుసు, పులిహోర, పొడులు అలాంటివే. వేపుళ్ళు, కొబ్బరి కూరలు ఈసారికి వదిలెయ్యండి.

పొద్దున్నే చెయ్యాల్సినవి నానబెట్టడాలు. శెనగలు ఒక గిన్నెలో, శెనక్కాయ గుళ్ళు ఇంకో గిన్నెలో. శెనగలు మాకు ఒంగోలు వైపు చుట్టాలు పంపిస్తారు, నల్లరేగడిలో పండినవి. మధ్యాహ్నానికి నాని, ఉడికించి నూనెలో తాలింపు వేస్తే గుగ్గిళ్ళు సిద్ధం. గుళ్ళు మాత్రం పెరుగు కోసం. అన్నం చివర పెరుగు లేకపోతే మనవాళ్ళకి భోంచేసినట్టే ఉండదు కాబట్టి దీని మీదే నేను ఎక్కువ శ్రద్ధ పెడతాను.

పచ్చి గుళ్ళు ఒక గ్లాసు. వేడినీళ్ళు పోస్తే రెండు గంటల్లో నానుతాయి. పొట్టు నలిపి తీసేసి, మూడు గ్లాసుల నీళ్ళు కొద్దికొద్దిగా పోస్తూ మెత్తగా రుబ్బి, పలచటి గుడ్డలో పిండండి. ఆ పాలు సన్నసెగ మీద కలుపుతూనే కాచాలి; గరిటె ఆపితే అడుగంటుతుంది. పొంగు వచ్చాక ఇంకో ఐదు నిమిషాలు ఉంచి దించి, గోరువెచ్చగా అయ్యాక ఏడెనిమిది పచ్చిమిరపకాయల తొడిమలు కడిగి అందులో వెయ్యండి. తోడు అదే. వేసవిలో రాత్రికే తోడుకుంటుంది, చలికాలంలో తెల్లారాలి. మొదటిసారి పలచగా ఉంటుంది, పైన నీళ్ళు తేలతాయి. అందులోంచి ఒక గరిటె తీసిపెట్టుకుంటే మరుసటిసారి గట్టిగా వస్తుంది. శెనక్కాయ వాసన తెలుస్తూనే ఉంటుంది; ఉప్పు, అల్లం, ఆవాల తాలింపు వేస్తే చాలావరకు కప్పేస్తుంది. పిండగా మిగిలిన పిప్పి పారెయ్యొద్దు, పులుసులో కలిపితే చిక్కదనం వస్తుంది.

ఇక పులుసు. నెల్లూరు చేపల పులుసు మర్నాటికి బాగుంటుందని వేరే చెప్పక్కర్లేదు. ఆ రుచిలో సగం చేపది, మిగతా సగం మామిడికాయదీ మెంతిపొడిదీ. చేప తీసేసి ఆ మిగతా సగాన్ని ఉంచుకుందాం. వంకాయ ఒరుగులు రెండు గుప్పెళ్ళు, మామిడి ఒరుగులు నాలుగు ముక్కలు వేడినీళ్ళలో అరగంట నానబెట్టి పిండండి. మామిడి పడుతుంది కాబట్టి చింతపండు ఐదుగురికి పెద్ద నిమ్మకాయంత చాలు. నూనె కాస్త ధారాళంగా పోసి ఎర్రగడ్డలు (ఉల్లిపాయలు), దంచిన తెల్లగడ్డ (వెల్లుల్లి), కరివేపాకు వేయించి, పసుపు, కారం, ధనియాల పొడి, ఉప్పు, ఒరుగులు వేసి పులుసు పొయ్యండి. నూనె పైకి తేలేదాకా మరగాలి. వేయించి దంచిన మెంతులు, జీలకర్ర పొడి దించేముందు మాత్రమే. ముందే వేస్తే చేదెక్కుతుంది. మట్టి దాక ఉంటే అందులోనే ఉంచండి. అల్యూమినియం గిన్నెలో పులుపు వద్దు.

వచ్చే పెద్దవాళ్ళలో కొందరు కారం, మిరియాలు, ఘాటు మసాలాలు కూడా తగ్గించి తింటారు. నోరు తెరిచి అడిగేయండి, మొహమాటం దేనికి? కాఫీ, టీలు కూడా మాలో చాలామంది తాగరు. శొంఠి, ధనియాలు మరిగించి బెల్లం వేసి ఫ్లాస్కులో పోసి ఉంచితే సరి.

పులిహోరకి చింతపండు గుజ్జు మధ్యాహ్నమే ఉడికించి, అన్నం సాయంత్రం వార్చి వెడల్పాటి పళ్ళెంలో పరిచి, పసుపు, నూనె, గుజ్జు కలిపెయ్యండి. మిగిలిన తెల్లన్నంలో చల్లారాక నీళ్ళు పోసి ఉంచితే శనివారం పొద్దున చద్దన్నం. శెనక్కాయ పెరుగు కలిపి, పచ్చి ఎర్రగడ్డ, ఉసిరికాయ ఊరగాయ పెడితే సబ్బాతు స్కూలుకి (చర్చిలో జరిగే బైబిలు పాఠానికి) వెళ్ళేముందు అంతకంటే చలువ చేసే టిఫిను లేదు. గుగ్గిళ్ళు, ముద్దపప్పు, ఉర్లగడ్డ (బంగాళాదుంప) కూర లాంటివి చేస్తే మాత్రం చల్లారగానే ఫ్రిజ్‌లోకి తోసెయ్యండి. మా వైపు మే నెల ఎండకి అవి రాత్రంతా బయట ఉంటే పాచిపోతాయి.

అలవాటుకొద్దీ చెయ్యి పాల వైపే పోతుంది, అదీ అసలు ప్రమాదం. నంజుకోడానికి మజ్జిగ మిరపకాయలు వేయించి పెడతాం. పేరులోనే మజ్జిగ ఉన్నా ఎవరికీ తట్టదు. పిండి వడియాల్లో పుల్లమజ్జిగ పోసేవాళ్ళున్నారు, పక్కింటివాళ్ళు ఇచ్చినవైతే అడిగి చూడండి. గుమ్మడి వడియాలు, అప్పడాలతో భయం లేదు. కొన్న బిస్కెట్లలో పాలపొడి ఉంటుంది. నెల్లూరు మీదుగా వచ్చే చుట్టాలు మలై కాజా తెస్తారు, అది అయ్యగారి కంట పడకుండా లోపల పెట్టండి. కందిపొడి ముద్దకి నెయ్యి బదులు పచ్చి నువ్వులనూనె వెయ్యండి. ఆవకాయకి అలవాటైన నాలుకలే కదా. తీపికి చిమ్మిలి ఉంది: వేయించిన నువ్వులు రెండు గ్లాసులు, బెల్లం ఒక గ్లాసు రోట్లో వేసి దంచితే నువ్వుల్లోని నూనెకే ఉండ కడుతుంది.

శనివారం మధ్యాహ్నం పొయ్యి ముట్టకుండా అప్పటికప్పుడు కలిపేది ఒక్క పచ్చిపులుసే. ముందురోజే నువ్వుల పొడి, చింతపండు రసం సిద్ధంగా పెట్టుకుంటే ఎర్రగడ్డ ముక్కలు, బెల్లం, నీళ్ళు కలిపి పిసకడమే.

పొద్దు సంగతి గుర్తుంచుకోండి. మే, జూన్‌లలో ఆరున్నర దాటేదాకా టైముంటుంది, డిసెంబరులో ఐదున్నర దాటగానే చీకటి పడిపోతుంది. చలికాలంలో ఒక గంట ముందే మొదలుపెట్టండి. అంట్లు కూడా ఆలోపే తోమెయ్యాలి. శనివారానికి అటక మీది అడ్డాకు విస్తళ్ళు దించితే కంచాలు కడిగే పనే ఉండదు.

సాయంత్రం పొద్దుగూకాక అయ్యగారు రైలెక్కుతారు. పొట్లం కట్టాలనిపిస్తే చిమ్మిలి, ఒక సీసాలో పులిహోర గుజ్జు కట్టండి. గుజ్జు తడి తగలకపోతే వారం ఉంటుంది. శెనక్కాయ పెరుగు మాత్రం ప్రయాణానికి ఇవ్వొద్దు, గూడూరు చేరేలోపే పులిసిపోతుంది.