లైటింగ్ నెట్‌వర్క్‌లో లోపం: ముందు గడియారం, తరువాతే స్క్రూడ్రైవర్

రంగస్థల దీపాలైనా, భవనానికి అలంకరించిన దీపాలైనా, వాటి నియంత్రణ ఈథర్‌నెట్ మీదికి వచ్చిన తరువాత లోపం దీపంలో కనిపిస్తుంది, కారణం మాత్రం తరచుగా నెట్‌వర్క్ కేబుళ్లను కలిపే స్విచ్‌లో దాగి ఉంటుంది. అందుచేత నోడ్‌ను (నెట్‌వర్క్ డేటాను అందుకుని దీపాలకు అందించే పెట్టెను) విప్పే ముందు, లోపం ఎంతసేపటికి వస్తోందో కొలిచి చూడాలి.

సమస్య: నాలుగు నిమిషాలు పనిచేసి ఆగిపోవడం

నోడ్‌ను ఆన్ చేయగానే అంతా సవ్యంగా నడుస్తుంది. నాలుగు నిమిషాలు దాటాక దీపాలు చివరి స్థితిలోనే నిలిచిపోతాయి, లేదా ఆరిపోతాయి. తిరిగి ఆన్ చేస్తే మరో నాలుగు నిమిషాలు పనిచేస్తుంది. ఇది చూసి నోడ్‌ను మార్చేవారున్నారు, కానీ కొత్తదీ అలాగే ప్రవర్తిస్తుంది.

దీపాల డేటాను ఈథర్‌నెట్ మీద పంపే ఎస్‌ఏసీఎన్ ప్రొటోకాల్‌లో ప్రతి యూనివర్స్‌కూ, అంటే ప్రతి నియంత్రణ చానెళ్ల సమూహానికీ, ఒక మల్టీకాస్ట్ చిరునామా (అడిగినవారందరికీ ఒకేసారి డేటా చేరే చిరునామా) ఉంటుంది. ఒకటో యూనివర్స్‌ది 239.255.0.1. ఆ డేటా తనకు కావాలని నోడ్ మొదట్లో పంపే సందేశాన్ని ఐజీఎంపీ స్నూపింగ్ ఉన్న స్విచ్ గమనించి, అడిగిన పోర్టుకే పంపుతుంది. అయితే ఇంకా కావాలా అని మధ్యమధ్య అడిగే క్వెరియర్ నెట్‌వర్క్‌లో లేకపోతే నోడ్ మళ్లీ చెప్పదు, ప్రామాణిక విలువల ప్రకారం 260 సెకన్లు గడవగానే స్విచ్ ఆ నమోదును తొలగిస్తుంది. డేటా ఆగిన 2.5 సెకన్లకు నోడ్ సిగ్నల్ పోయిందని నిర్ధారించుకుంటుంది.

పరిష్కారంగా ఒక స్విచ్‌లో క్వెరియర్‌ను ఆన్ చేసి, లైటింగ్ డేటా నడిచే వీఎల్‌ఏఎన్‌లో (స్విచ్‌లో విడిగా కేటాయించిన నెట్‌వర్క్ భాగంలో) దానికి ఐపీ చిరునామా ఇవ్వాలి. రెండు స్విచ్‌లలో ఆన్ చేసినా ఇబ్బంది లేదు. తక్కువ చిరునామా ఉన్నదే ఆ పని చేస్తుంది, అది ఆగితే రెండోది అందుకుంటుంది. స్నూపింగ్‌నే ఆపివేయడం కూడా పనిచేస్తుంది గాని, అప్పుడు ప్రతి యూనివర్సూ ప్రతి పోర్టుకూ వెళ్లి, యూనివర్స్‌లు పెరిగేకొద్దీ చిన్న నోడ్‌లు తట్టుకోలేవు.

సమస్య: కేబుల్ పెట్టాక అర నిమిషం స్పందన లేకపోవడం

ఇది స్విచ్‌ల మధ్య డేటా వలయంగా తిరగకుండా కాపాడే స్పానింగ్ ట్రీ పని. పాత పద్ధతిలో పోర్టు డేటాను వదలడానికి ముందు 15 సెకన్ల చొప్పున రెండు దశలు దాటుతుంది. నోడ్‌లు, కన్సోల్ (దీపాలను నడిపే బల్ల) ఉన్న పోర్టులను ఎడ్జ్ పోర్టులుగా, అంటే ఆ దశలు లేకుండా వెంటనే డేటాను వదిలేవిగా, పెట్టాలి. స్విచ్‌ల మధ్య పోర్టులను ముట్టుకోకూడదు.

సమస్య: దీపాలు పూర్తిగా ఆరకపోవడం, కదిలే దీపాలు తప్పు దిశలో నిలవడం

ఒకే యూనివర్స్‌కు ఇద్దరు పంపుతున్నారేమో చూడాలి. భవన నియంత్రణ వ్యవస్థ, కన్సోల్ రెండూ ముందే అమర్చి ఉండే 100 ప్రాధాన్యంతో పంపితే, చాలా నోడ్‌లు ఒక్కో చానెల్‌లో ఎక్కువ విలువను తీసుకుంటాయి. డిమ్మర్‌కు అది సరిపోవచ్చు గాని, దిశను నిర్ణయించే చానెల్‌కు అర్థం లేనిది. ప్రాధాన్యం 0 నుంచి 200 వరకు ఉంటుంది కనుక భవన వ్యవస్థకు 90, కన్సోల్‌కు 120 ఇస్తే ప్రదర్శన వేళ కన్సోల్ మాటే చెల్లుతుంది, అది ఆగగానే భవన వ్యవస్థ తిరిగి అందుకుంటుంది. దీన్ని లోపం వచ్చాక కాకుండా నెట్‌వర్క్ రూపకల్పన పత్రంలోనే రాసుకోవడం నయం.

సమస్య: వ్యవధి దొరకని క్షణకాలపు కుదుపులు

గడియారానికి చిక్కని ఈ లోపానికి, ముందుగా ఎనర్జీ ఎఫిషియంట్ ఈథర్‌నెట్‌ను అన్ని పోర్టులలోనూ ఆపి చూడాలి. విద్యుత్ ఆదా కోసం లింకును నిద్రపుచ్చే ఈ సదుపాయం లైటింగ్ డేటాకు గిట్టదు. ఆ తరువాత కూడా కుదుపులుంటే నోడ్ దాటి డీఎంఎక్స్ లైనుకు (నోడ్ నుంచి దీపాలకు వెళ్లే కేబుల్‌కు) వెళ్లి, చివర 120 ఓమ్‌ల టెర్మినేటర్ (సిగ్నల్ వెనక్కి తిరగకుండా పెట్టే నిరోధకం) ఉన్నదో లేదో చూడాలి.